లౌటర్‌బ్రున్నెన్, గ్రిండెల్‌వాల్డ్ లోయల జీగ్‌ఫ్రీడ్ పటం

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ కాంటన్ దక్షిణపు కొసన ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు మూడూ ఒకే వరసలో నిలబడి ఉంటాయి. వాటి ఉత్తర పాదాన రెండు లోయలున్నాయి. పడమటిది లౌటర్‌బ్రున్నెన్, తూర్పుది గ్రిండెల్‌వాల్డ్. 19వ శతాబ్దం చివర ఈ లోయల్లోకి రైళ్లు వచ్చాయి, వాటి వెంట హోటళ్లు పెరిగాయి, పశువులు మేపుకునే పల్లెలు విడిది ఊళ్లుగా మారాయి. ఆ మార్పు సాగినంత కాలమూ దాన్ని కూర్పు తర్వాత కూర్పుగా నమోదు చేస్తూ వచ్చిన ప్రభుత్వ పటం పేరు ‘స్విట్జర్లాండ్ స్థలాకృతి అట్లాసు’. దాన్ని ఆరంభించిన అధికారి పేరిట అందరూ జీగ్‌ఫ్రీడ్ పటం అంటారు. ఈ లోయలకు సంబంధించి అందులో ముఖ్యమైన షీట్లు మూడు: 395 లౌటర్‌బ్రున్నెన్, 396 గ్రిండెల్‌వాల్డ్, 489 యుంగ్‌ఫ్రౌ.

షీటు అంచున ఏదో ఒక సంవత్సరం అచ్చై ఉంటే లోపలి గీతలన్నీ ఆ ఏడాదివే అనుకోవడం సహజం. ఈ పటం విషయంలో ఆ నమ్మకం తప్పుదారి పట్టిస్తుంది. కొండ ఆకారం ఒక తరం సర్వేయర్లు కొలిచినది. దాని మీద పాకే రైలు గీత తర్వాతి తరం చేర్చినది. పక్కనే ఉన్న హిమానీనదపు అంచు మరెప్పటిదో. ఒక్క కాగితం మీద మూడు నాలుగు కాలాలు కలిసి ఉంటాయి. ఏ గీత ఏ కాలానిదో విడదీయగలిగితే, ఎదుగుతున్న ఒక లోయ చరిత్రకు ఇంతకంటే నమ్మకమైన సాక్ష్యం దొరకదు. విడదీయలేకపోతే ఎన్నడూ లేని లోయ ఒకటి కంటికి కనిపిస్తుంది.

పటం పుట్టుక

స్విట్జర్లాండ్ మొత్తాన్నీ ఒకే పద్ధతిలో కొలిచి చూపిన తొలి పటం జనరల్ గియోమ్ ఆన్రీ డ్యూఫూర్ ఆధ్వర్యంలో తయారైంది. డ్యూఫూర్ ఇంజనీరు. 1847 నాటి అంతర్యుద్ధంలో సమాఖ్య సైన్యాన్ని నడిపినవాడు. 1863లో రెడ్‌క్రాస్ ఆవిర్భావానికి కారకులైన ఐదుగురిలో ఒకడు. 1838లో జెనీవా దగ్గర ఆయన నెలకొల్పిన స్థలాకృతి కార్యాలయం 1845 నుంచి 1865 వరకు 25 షీట్ల పటాన్ని 1:1,00,000 స్కేలులో వెలువరించింది. రాగి రేకుల మీద చెక్కిన ఆ పటంలో కొండల వాలును సన్నని గీతల గుంపులతో చూపారు. వెలుగు వాయవ్యం నుంచి పడుతున్నట్టు ఊహించి, నీడవైపు గీతలను ఒత్తుగా, వెలుగువైపు పలుచగా వేశారు. చూడగానే పర్వతాలు కాగితం మీంచి పైకి లేచినట్టుంటాయి. 1863లో స్విట్జర్లాండ్‌లోని అత్యున్నత శిఖరానికి డ్యూఫూర్‌ష్పిట్సె అని పేరు పెట్టడం ఆ పనికి దేశం చేసిన గౌరవం.

అయితే అందమైన ఆ పటం మీద ఒక చోటు ఎంత ఎత్తున ఉందో కొలిచి చెప్పడం కష్టం. రోడ్డు వేయాలన్నా, రైలు మార్గం గీయాలన్నా, ఫిరంగి నిలపాలన్నా ఎత్తు అంకెల్లో కావాలి. డ్యూఫూర్ పటం కోసం క్షేత్రంలో చేసిన అసలు కొలతలు అంతకంటే పెద్ద స్కేళ్లలో, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే సమోన్నత రేఖలతో కార్యాలయంలోనే ఉన్నాయి. మైదానాలను 1:25,000లో, ఆల్ప్స్ పర్వత ప్రాంతాన్ని 1:50,000లో కొలిచారు. వాటిని సరిదిద్ది, లోటున్న చోట్ల మళ్లీ కొలిచి, అదే స్కేలులో అచ్చువేయాలని 1868 డిసెంబరులో సమాఖ్య చట్టం వచ్చింది. డ్యూఫూర్ తర్వాత 1865లో కార్యాలయ బాధ్యత చేపట్టిన హెర్మన్ జీగ్‌ఫ్రీడ్ ఆ పనికి పూనుకున్నాడు. 1870లో మొదటి షీట్లు బయటికి వచ్చాయి. 1879లో ఆయన మరణించినా పని ఆగలేదు. 1926 దాకా కొత్త షీట్లు వెలువడుతూనే ఉన్నాయి. మొత్తం 604 షీట్లు: 1:25,000లో 462, 1:50,000లో 142.

షీట్ల అంకెలు చూసినవారికి ఒక సందేహం కలుగుతుంది. లౌటర్‌బ్రున్నెన్ 395, గ్రిండెల్‌వాల్డ్ 396 అయినప్పుడు, వాటికి దక్షిణాన ఆనుకుని ఉన్న యుంగ్‌ఫ్రౌ షీటు 489 ఎలా అయింది? డ్యూఫూర్ పటపు ఒక్కో షీటును పదహారు ముక్కలు చేసి ఈ అట్లాసుకు అంకెలు వేశారు. ఈ లోయలు డ్యూఫూర్ 13వ షీటు దిగువ అంచున పడ్డాయి, యుంగ్‌ఫ్రౌ 18వ షీటు ఎగువ అంచుకు చేరింది. అందుకే లోయ నుంచి శిఖరానికి వెళ్లాలంటే అంకెల్లో తొంభైకి పైగా దూకాలి. ఒక్కో షీటు 35 సెంటీమీటర్ల వెడల్పు, 24 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. 1:50,000 షీటులో అంటే నేల మీద 17.5 కిలోమీటర్లు, 12 కిలోమీటర్లు.

గీతలు చెప్పే సంగతి

వేసవిలో చెరువు నీరు తగ్గుతున్నకొద్దీ గట్టు లోపలి వైపున ఒకదాని కింద ఒకటిగా చారలు మిగులుతాయి. ఒక్కో చార పొడుగునా ఎత్తు ఒక్కటే. సమోన్నత రేఖ అంటే అదే. జీగ్‌ఫ్రీడ్ పటంలో పర్వత షీట్లకు ఈ రేఖల మధ్య ఎత్తు తేడా 30 మీటర్లు, మైదానపు షీట్లకు 10 మీటర్లు. పటం మూడు రంగుల్లో ఉంటుంది. ఊళ్లు, దారులు, రాళ్లు, పేర్లు నలుపు. నేల మీది సమోన్నత రేఖలు గోధుమ రంగు. నీళ్లు నీలం, హిమానీనదాల మీది సమోన్నత రేఖలూ నీలమే. డ్యూఫూర్ పటంలోని వెలుగునీడలు ఇందులో లేవు. చూపుకు అది కొంత లోటే. కొలతకు మాత్రం ఇదే మేలు.

లౌటర్‌బ్రున్నెన్ లోయ ఈ పద్ధతికి కఠిన పరీక్ష పెట్టింది. హిమానీనదం తొలిచిన లోయ అది. అడుగు చదును, రెండు వైపులా నిట్టనిలువు రాతి గోడలు. ఊరి పక్కనే ష్టౌబ్‌బాఖ్ జలపాతం దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి ఒక్క దూకు దూకుతుంది. 1779లో జర్మన్ కవి గోథే దాన్ని చూశాకే నీటినీ మనిషి ఆత్మనూ పోల్చే తన ప్రసిద్ధ కవిత రాశాడు. అలాంటి గోడ మీద 30 మీటర్లకొక రేఖ చొప్పున పది రేఖలు గీయాలి. పైనుంచి చూస్తే గోడకు వెడల్పే లేదు కనుక పది రేఖలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అందువల్ల అక్కడ రేఖలు ఆపి, రాతి ముఖాన్ని నల్లని గీతలతో బొమ్మగా వేశారు. ఈ రాతి చిత్రణలో స్విస్ సర్వేయర్లది అందెవేసిన చెయ్యి. క్సావర్ ఇమ్‌ఫెల్డ్, ఫ్రిడోలిన్ బెకర్, లియోన్స్ హెల్డ్ లాంటివారు పగుళ్లను, పొరలను, నీటి చాళ్లను విడివిడిగా పట్టుకున్నారు. వారి షీట్లలో భూగర్భ శాస్త్రం తెలిసినవారు రాతి పొరల వాలును కూడా గుర్తుపట్టగలరు.

కొలిచే పరికరం ప్లేన్ టేబుల్. మూడు కాళ్ల బల్ల మీద కాగితం బిగించి, దూరదర్శిని అమర్చిన కొలబద్దతో శిఖరాన్నో గుడి గోపురాన్నో గురిచూసి, ఆ దిశను అక్కడికక్కడే కాగితం మీద గీస్తారు. మరో చోటికి వెళ్లి మళ్లీ అదే గురి. రెండు మూడు గీతలు ఎక్కడ కలుస్తాయో అదే ఆ బిందువు. నిలువు కోణం చూసి ఎత్తు లెక్కకడతారు. ఇలా తేలిన బిందువుల నడుమ, ఎదుట కనబడే నేలను చూస్తూ, సమోన్నత రేఖలను చేత్తో గీస్తారు. మనుషులు తిరిగే చోట బిందువులు ఎక్కువ, రేఖ నిక్కచ్చి. మంచు మీద, కొండగోడల మీద బిందువులు తక్కువ, రేఖలో చూపరి అంచనా ఎక్కువ. ఒకే రంగులో ఒకే మందంలో ఉన్నా రెండు రేఖల నమ్మకం ఒక్కటి కాదు. ఈ తేడా అచ్చులో కనబడదు, చదివేవారే గుర్తుంచుకోవాలి.

రైలుకు ముందు

1870ల నాటి తొలి కూర్పులో ఈ లోయల్లో రైలు లేదు. ఉత్తరాన ఉన్న ఇంటర్‌లాకెన్ పట్టణం నుంచి వచ్చిన రోడ్డు త్స్వైలూట్షినెన్ దగ్గర చీలుతుంది. అక్కడే తెల్ల లూట్షినె, నల్ల లూట్షినె ఏరులు కలుస్తాయి. ఒక దారి తెల్ల ఏరు పట్టుకుని లౌటర్‌బ్రున్నెన్‌కు, మరొకటి నల్ల ఏరు పట్టుకుని గ్రిండెల్‌వాల్డ్‌కు పోతాయి. ఆ పైన కంచరగాడిదలు నడిచే బాటలే. లౌటర్‌బ్రున్నెన్ నుంచి వెంగెర్న్‌ఆల్ప్ ఎక్కి, క్లైనె షైడెగ్ కనుమ దాటి గ్రిండెల్‌వాల్డ్‌లో దిగే బాట యూరప్ యాత్రికుల్లో అప్పటికే పేరు పొందింది. ఆంగ్ల కవి బైరన్ 1816లో ఆ దారినే వెళ్లాడు. 1863లో యాత్రల నిర్వాహకుడు థామస్ కుక్ ఇంగ్లండ్ నుంచి తెచ్చిన తొలి స్విస్ యాత్రా బృందమూ ఈ ప్రాంతం చూసింది.

అంటే విడిది వ్యాపారం రైలుకంటే ముందే మొదలైంది. ఇంటర్‌లాకెన్‌లో 1864లో జరిగిన ఒక ఒప్పందం ఇందుకు గట్టి నిదర్శనం. ఊరి నడుమ యుంగ్‌ఫ్రౌ కనబడే పెద్ద పచ్చిక బయలు, హోహెమాట్టె, అమ్మకానికి వచ్చింది. ముప్పై ఏడుగురు హోటల్ యజమానులు, స్థానికులు కలిసి దాన్ని కొని, ఇక ఎన్నడూ దాని మీద కట్టడం కట్టకూడదని కట్టుబడ్డారు. హోటళ్ల వరస ఆ బయలు అంచున నిలిచిపోయింది. తర్వాతి కూర్పులన్నిటిలో చుట్టూ ఇళ్ల నల్ల చుక్కలు చిక్కనవుతూ ఉంటే ఆ నడుమ ముక్క మాత్రం ఖాళీగానే ఉంటుంది. పటంలో ఖాళీగా ఉన్న చోటు కూడా కొన్నిసార్లు మనుషుల నిర్ణయమే.

రైళ్ల రాక

1872లో టూన్ సరస్సు ఒడ్డునున్న డెర్‌లిగెన్ నుంచి ఇంటర్‌లాకెన్‌కు చిన్న రైలు మార్గం పడింది. సరస్సు మీద ఓడ దిగి ఆ రైలు ఎక్కేవారు. లోయల్లోకి రైలు చొచ్చుకురావడానికి మరో పద్దెనిమిదేళ్లు పట్టింది. 1890 జులై 1న బెర్నీస్ ఓబర్‌లాండ్ రైల్వే మొదలైంది. మీటర్ గేజి మార్గమది. రోడ్డు లాగే త్స్వైలూట్షినెన్ దగ్గర రెండుగా చీలి, ఒక కొమ్మ లౌటర్‌బ్రున్నెన్‌కు, ఒక కొమ్మ గ్రిండెల్‌వాల్డ్‌కు వెళ్తుంది. నిటారు చోట్ల పట్టాల నడుమ పళ్లున్న మూడో పట్టా ఉంటుంది, ఇంజనులోని పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. మెట్టుపాళయం నుంచి ఊటీకి వెళ్లినవారికి ఈ ఏర్పాటు తెలిసినదే. నీలగిరి రైలు వాడే పళ్ల పట్టా పద్ధతి స్విస్ ఇంజనీరు రోమన్ ఆప్ట్‌ది, దాని పాత ఎక్స్ తరగతి ఆవిరి ఇంజన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో తయారైనవి.

ఆ తర్వాత గీతలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి. 1891లో లౌటర్‌బ్రున్నెన్ నుంచి పశ్చిమపు గోడ మీది గ్రూట్ష్‌ఆల్ప్‌కు ఎక్కే తాడు రైలు, అక్కడి నుంచి మ్యూరెన్‌కు కొండ అంచు వెంట నడిచే విద్యుత్ రైలు. 1893లో తూర్పు వైపున వెంగెర్న్‌ఆల్ప్ రైల్వే: లౌటర్‌బ్రున్నెన్ నుంచి వెంగెన్ మీదుగా 2,061 మీటర్ల ఎత్తున్న క్లైనె షైడెగ్‌కు, అక్కడి నుంచి గ్రిండెల్‌వాల్డ్‌కు. మొత్తం 19 కిలోమీటర్ల పళ్ల పట్టా. కంచరగాడిదల బాట వెళ్లిన దారినే ఇప్పుడు రైలు ఎక్కింది. అదే ఏడాది ఇంటర్‌లాకెన్ పక్కన షీనిగె ప్లాటె మీదికి మరో పళ్ల పట్టా రైలు. మూడేళ్లలో ఇన్ని మార్గాలు. పటం కార్యాలయానికి ఊపిరి తిప్పుకునే వ్యవధి లేకుండా పోయిందని 1890ల కూర్పులు చూస్తేనే తెలుస్తుంది.

ఈ మార్గాలను సమోన్నత రేఖలతో కలిపి చదవడంలోనే పటం విలువ బయటపడుతుంది. వెంగెర్న్‌ఆల్ప్ రైలు అసలు మార్గం అతి నిటారు చోట నూటికి 25 చొప్పున ఎక్కేది. అంటే 120 మీటర్లు ముందుకు పోతే 30 మీటర్ల ఎత్తు. పటం మీద ప్రతి 2.4 మిల్లీమీటర్లకూ ఒక సమోన్నత రేఖను దాటాలి. 1910లో లౌటర్‌బ్రున్నెన్, వెంగెన్‌ల మధ్య వంపు తిరిగే కొత్త మార్గం వేశారు. దాని గరిష్ఠ వాలు నూటికి 18. అక్కడ రేఖకూ రేఖకూ మధ్య దూరం 3.3 మిల్లీమీటర్లు అవుతుంది. రెండు గీతలూ పక్కపక్కనే కనబడే కూర్పు చేతిలో ఉంటే, వాలు ఎంత తగ్గిందో ఒక స్కేలు పట్టుకుని తేల్చవచ్చు. గ్రూట్ష్‌ఆల్ప్ తాడు రైలు సంగతి వేరు. సుమారు 1.4 కిలోమీటర్ల పొడవులో 690 మీటర్ల ఎత్తు. గీత తిన్నగా, సమోన్నత రేఖలకు అడ్డంగా, ఎక్కడా వంగకుండా పోతుంది. పటం మీద వంపుల్లేని గీత గోడ మీద కనబడితే అది తాడు రైలేనని కళ్లు మూసుకుని చెప్పవచ్చు.

వెంగెన్, మ్యూరెన్ రెండూ గోడల పైనున్న మెట్టల మీది ఊళ్లు. లోయ అడుగు నుంచి అక్కడికి మోటారు రోడ్డు రాలేదు, నేటికీ లేదు. అందుకే ఆ రెండు ఊళ్ల పెరుగుదల పూర్తిగా రైలు గీతకు అతుక్కుని సాగింది. స్టేషను చుట్టూ మొదట హోటళ్ల పెద్ద దిమ్మెలు, తర్వాత వాటి నడుమ ఇళ్ల చుక్కలు. రోడ్డున్న గ్రిండెల్‌వాల్డ్ అలా కాదు, లోయ వాలు మీద విస్తారంగా పరుచుకుంది. 1892 ఆగస్టులో ఫ్యోన్ అనే వేడి దక్షిణపు గాలి రేపిన మంటల్లో ఆ ఊళ్లో పెద్ద భాగం కాలిపోయింది. రైలు వచ్చి అప్పటికి రెండేళ్లే. ఊరు రాతి గోడలతో, మరింత పెద్ద హోటళ్లతో మళ్లీ లేచింది. పటం కూర్పుల మధ్య ఈ కాలిన రోజు ఎక్కడా కనబడదు. ముందు కూర్పులో ఊరుంది, తర్వాతి కూర్పులోనూ ఊరుంది, ఇళ్ల ఆకారాలు మాత్రం మారాయి.

తర్వాత యుంగ్‌ఫ్రౌ రైలు. జ్యూరిక్ పారిశ్రామికవేత్త అడోల్ఫ్ గుయెర్-త్సెల్లర్‌కు 1893 ఆగస్టులో ఈ ఆలోచన తట్టింది. క్లైనె షైడెగ్ నుంచి బయలుదేరి, ఐగర్, మోంక్ కొండల లోపల సొరంగంలో పోయి, యుంగ్‌ఫ్రౌ శిఖరం దాకా వెళ్లాలి. 1896లో పని మొదలైంది. ఏడేళ్లలో అవుతుందనుకున్నది పదహారేళ్లు పట్టింది. గుయెర్-త్సెల్లర్ 1899లోనే చనిపోయాడు. ఐగర్ ఉత్తరపు గోడలో కిటికీ తెరిచిన స్టేషను 1903లో, ఆగ్నేయాన మంచు బయలు వైపు తెరిచిన ఐస్‌మేర్ స్టేషను 1905లో పూర్తయ్యాయి. 1912 ఆగస్టు 1న, స్విస్ జాతీయ దినం నాడు, 3,454 మీటర్ల ఎత్తున, శిఖరాల మధ్య జీనులాంటి చోట, యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషను తెరుచుకుంది. అదే చివరి స్టేషను అయింది. మొత్తం 9.3 కిలోమీటర్లలో ఏడుకు పైగా సొరంగమే. తవ్వినవారిలో అత్యధికులు ఇటలీ నుంచి వచ్చిన కూలీలు. పేలుళ్లలో, ప్రమాదాల్లో 30 మంది చనిపోయారు.

పటం మీద ఇదంతా ఒక చుక్కల గీత. సమోన్నత రేఖలతో దానికి సంబంధం లేదు. పైన 3,900 మీటర్ల రాయి ఉన్నా, కింద సొరంగం 2,800 మీటర్ల దగ్గర ఉన్నా గీత ఒకే తీరుగా పోతుంది. ఐగర్ గోడలోని కిటికీ నిలువు ముఖం మీద ఉంది కనుక పైనుంచి చూసే పటంలో దానికి చోటే లేదు. ఉన్న నియమాల్లో ఈ రైలును పటం ఇంతకంటే బాగా చూపలేదు. నేల పైభాగాన్ని కొలిచే విద్య నేల లోపలి పనికి వచ్చేసరికి ఆగిపోతుంది. ఈ పటం హద్దు ఎక్కడో తెలుసుకోవాలంటే ఆ చుక్కల గీతను చూడాలి. ముప్పై ప్రాణాల లెక్క మాత్రం ఏ గుర్తులోకీ ఎక్కదు. అందుకోసం రైలు సంస్థ చరిత్ర చదవాల్సిందే.

పటంలోకి వచ్చి వెళ్లిపోయినవీ ఉన్నాయి. 1908లో గ్రిండెల్‌వాల్డ్ పక్కన వెట్టర్‌హోర్న్ కొండకు తాడు మీద వేలాడే పెట్టెతో ఒక లిఫ్టు వేశారు. ప్రయాణికుల కోసం స్విట్జర్లాండ్‌లో కట్టిన తొలి వైమానిక తాడు మార్గం ఇదే. శిఖరం దాకా నాలుగు దశల్లో వెళ్లాలని అనుకున్నా మొదటి దశే పూర్తయింది. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే యాత్రికులు ఆగిపోయారు, లిఫ్టూ ఆగిపోయింది. మళ్లీ నడవలేదు. అల్పాయుష్షు కట్టడం పటంలో మిగలాలంటే దాని ఆయువులోనే సవరణ సర్వేయరు ఆ దారిన రావాలి. కూర్పుకూ కూర్పుకూ మధ్య పుట్టి పోయినదాన్ని పటం ఎరగదు.

ఎత్తుల అంకెలు

పాత షీట్ల మీద యుంగ్‌ఫ్రౌ ఎత్తు 4,167 మీటర్లు. నేటి పటాల్లో 4,158. కొండ తొమ్మిది మీటర్లు కుంగిందా? కుంగలేదు. స్విట్జర్లాండ్‌లో ఎత్తులన్నీ జెనీవా రేవులో నీళ్ల నడుమ నిలిచిన పియర్ ద్యు నిటోన్ అనే బండరాయి నుంచి లెక్కిస్తారు. 19వ శతాబ్దంలో ఆ రాయి సముద్ర మట్టానికి 376.86 మీటర్ల ఎత్తున ఉందని తీసుకున్నారు. 1902 ప్రాంతంలో చేసిన కొత్త లెక్కలో అది 373.6 మీటర్లని తేలింది. ఒక్క రాయి అంకె మారేసరికి దేశంలోని ప్రతి శిఖరం, ప్రతి స్టేషను, ప్రతి సరస్సు 3.26 మీటర్లు దిగిపోయాయి. మిగిలిన ఐదారు మీటర్లు దూరం నుంచి కోణాలు కొలవడంలో వచ్చిన తేడా. పాత ఎత్తునూ కొత్త ఎత్తునూ పోల్చేవారు ముందు 3.26 తీసేయాలి. ఈ సంగతి తెలియక పాత అంకెల్ని నేరుగా పోల్చి, కొండలు తగ్గాయనో పెరిగాయనో చెప్పిన రాతలు ఈనాటికీ కనబడతాయి.

కరుగుతున్న అంచు

జీగ్‌ఫ్రీడ్ పటం తొలి కూర్పులు వచ్చేనాటికి ఆల్ప్స్ హిమానీనదాలు తమ పెద్ద విస్తృతి దాటి పదిహేను ఇరవై ఏళ్లే అయింది. 1850ల మధ్యలో గ్రిండెల్‌వాల్డ్ దిగువ హిమానీనదం మూతి దాదాపు 1,000 మీటర్ల ఎత్తు దాకా, ఊరి పొలాల దగ్గరికి వచ్చింది. అక్కడి నుంచి మంచు దిమ్మెలు కోసి హోటళ్లకు, నగరాలకు అమ్మేవారు. రైలు ఆ వ్యాపారానికీ ఊతమిచ్చింది. తర్వాతి కూర్పుల్లో మంచు వెనక్కి పోవడం మొదలై, ఇప్పుడు ఆ మూతి ఇరుకు కొండగండి దాటి లోపలికి వెళ్లిపోయింది. 2000ల చివర, కరిగిన నీరు శిథిలాల వెనుక చెరువై ఊరిని ముంచేలా ఉందని దాన్ని వదలడానికి కొండలోంచి సొరంగం తవ్వాల్సి వచ్చింది.

వాతావరణ మార్పును పరిశోధించేవారికి నీలి రేఖలతో గీసిన పాత హిమానీనదపు అంచులు బంగారమే. కానీ ముందు చెప్పిన హెచ్చరిక ఇక్కడే అన్నిటికన్నా అవసరం. సవరణ చేసేటప్పుడు కార్యాలయం దృష్టి సాధారణంగా రైళ్లు, రోడ్లు, ఇళ్ల మీద ఉండేది. వాటిని కొత్తగా చేర్చి, మంచు ఉన్న ఎత్తైన భాగాన్ని పాత కొలతతోనే వదిలేయడం మామూలే. కనుక కొత్త రైలు గీత పక్కన ఉన్నంత మాత్రాన మంచు అంచు ఆ ఏటిది కాదు. ఆ రెండూ ఒకే కాలపువనుకుని కరుగుదల వేగం లెక్కవేస్తే తప్పుడు అంకె వస్తుంది. ఆ తప్పు ఎటు పోతుందో కూడా ముందే చెప్పవచ్చు: పాత అంచును కొత్త తేదీకి అంటగట్టినప్పుడు మంచు కొన్నాళ్లు కదలకుండా నిలిచి, ఆపై ఒక్కసారి జారిపోయినట్టు కనబడుతుంది.

విమర్శ, వారసులు

20వ శతాబ్దం తొలి పాదం ముగిసేసరికి ఈ పటం మీద అసంతృప్తి పెరిగింది. దేశంలో సగం ఒక స్కేలు, సగం మరో స్కేలు. షీటుకూ షీటుకూ రాతి చిత్రణ శైలి మారిపోతుంది. కొలతల నాణ్యతలో ఎగుడుదిగుళ్లు. జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 1925లో పటకళా సంస్థను స్థాపించిన ఎడ్వార్డ్ ఇమ్‌హోఫ్ విమర్శకుల్లో ముఖ్యుడు. సైన్యం, పర్వతారోహకులు, ఇంజనీర్లు ఎవరికి ఏ స్కేలు కావాలన్న వాదం ఏళ్ల తరబడి సాగింది. 1935 జూన్‌లో వచ్చిన చట్టం కొత్త జాతీయ పటాలకు దారి తీసింది. విమానాల నుంచి, నేల మీద నుంచి తీసిన ఫొటోల జంటలతో కొలిచి, వెలుగునీడలనూ సమోన్నత రేఖలనూ కలిపి తయారైన పటాలవి. 1:50,000 శ్రేణి 1963లో ముగిసింది. ఆ కొత్త షీట్లు వచ్చేదాకా లోయల్లో యాత్రికుల చేతిలోనూ, సైనికుల సంచిలోనూ జీగ్‌ఫ్రీడ్ షీట్లే.

నా అంచనాలో ఇమ్‌హోఫ్ విమర్శ న్యాయమైనదే. కొత్త పటం అన్ని కొలతల్లోనూ మెరుగు. అయినా ఈ లోయల చరిత్రకు జీగ్‌ఫ్రీడ్ పటమే ముఖ్యం. కొత్త పటం వచ్చేసరికి వెంగెన్, మ్యూరెన్, గ్రిండెల్‌వాల్డ్ పెద్ద విడుదులైపోయాయి. మ్యూరెన్‌లో 1922లో బ్రిటిష్ స్కీ క్రీడాకారుడు ఆర్నల్డ్ లన్ స్లాలమ్ అనే మలుపుల స్కీ పందెం పెట్టాడు, 1930లో వెంగెన్‌లో లౌబర్‌హోర్న్ స్కీ పందెం మొదలైంది. వేసవి ఊళ్లు చలికాలపు ఊళ్లు కూడా అయ్యాయి. ఎదిగిన దశను మాత్రమే కొత్త పటం చూసింది. ఎదుగుతున్న దశను చూసింది పాతదే.

ఇప్పుడు చూసేవారికి

ఈ లోయలు తెలుగువారికి కొత్త కావు. ఇంటర్‌లాకెన్ చుట్టూ హిందీ సినిమాల పాటలు తీశారు, వాటి వెంటే తెలుగు పాటల చిత్రీకరణలూ స్విట్జర్లాండ్‌కు వెళ్లాయి. ఇంటర్‌లాకెన్‌లో దర్శకుడు యశ్ చోప్రా విగ్రహం కూడా ఉంది. యూరప్ యాత్రకు వెళ్లే మనవారు చాలామంది యుంగ్‌ఫ్రౌయోఖ్ ఎక్కుతారు. 2015లో అక్కడికి ఒక్క ఏడాదిలో వచ్చినవారి సంఖ్య తొలిసారి పది లక్షలు దాటింది. 2020 డిసెంబరులో గ్రిండెల్‌వాల్డ్ నుంచి యుంగ్‌ఫ్రౌ రైలు మార్గంలోని ఐగర్‌గ్లెట్షర్ స్టేషనుకు కొత్త తాడు మార్గం తెరిచారు. అది పావుగంటలో పైకి చేర్చడంతో చాలామంది ఇప్పుడు క్లైనె షైడెగ్‌కు వెళ్లకుండానే యుంగ్‌ఫ్రౌయోఖ్ చేరుతున్నారు.

సమాఖ్య స్థలాకృతి కార్యాలయం డ్యూఫూర్ కాలం నుంచి నేటి దాకా తన పటాల పాత కూర్పులన్నిటినీ తన వెబ్‌సైటులో ఉచితంగా ఉంచింది. ఒక చోటును ఎంచుకుని సంవత్సరాలను వెనక్కీ ముందుకీ జరుపుతూ చూడవచ్చు. వెళ్లే ముందు ఇంటర్‌లాకెన్ నుంచి యుంగ్‌ఫ్రౌయోఖ్ దాకా మీ రైలు దారిని ఒక్కసారి 1870ల కూర్పు మీద, 1890ల కూర్పు మీద, 1912 తర్వాతి కూర్పు మీద వెతకండి. షీటు తెరవగానే ఊళ్ల మీదికి పోకండి. ముందు అంచున అచ్చైన కొలత, సవరణ సంవత్సరాలు చదవండి, ఆ తర్వాతే లోయలోకి దిగండి.